మూసారాము పల్టనులో మా పూర్వికుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన సందర్భమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. గ్రంథాలయోద్యమమును గూర్చి చెప్పుదునని వారు తలచియుండవచ్చును. దానిని గూర్చి నాకంటె తెలిసినవారు ఈ వేదికపై ముగ్గురున్నారు. నేను నా తప్పు నొకదానిని ఒప్పుకొనుటకు వచ్చితిని. ఆ తప్పు అచ్చులో పడినది. ఆ అచ్చుప్రతి ఈ గ్రంథాలయపు బీరువాలోనే యున్నది. కావున చెప్పుటకు ఇంతకంటె తగిన చోటు నాకు దొరకదు.

2012లో మా తండ్రిగారి శతజయంతికి నేనొక చిన్న పుస్తకము వేయించితిని. మా వంశవృక్షమును, నలుగురైదుగురు పెద్దల జీవిత విశేషములను అందు వ్రాసితిని. చెట్టు మొదట, అనగా 3వ పుటలో, మా మూలపురుషుడు "నిజాము కొలువున మూసారాము దొరతో వచ్చిన ఫ్రెంచి సైన్యాధికారి" యని వ్రాసితిని. బంధువులందరును సంతోషించిరి. పెండ్లి సంబంధములు మాటలాడునప్పుడు గూడ ఆ పుట తెరచి చూపినవారు కలరు. నేను మాత్రము ఏమి తక్కువ? ఎవరైన మా పిల్లల కన్నులు కొంచెము పిల్లికన్నులని యనిన లోలోపల మురిసితిని.

గత సంవత్సరము మా తమ్ముని మనుమడు నా యొద్దకు వచ్చి తల వంచుకొని నిలుచుండెను. నగరములో ఒక మధ్యవర్తి, ఫ్రెంచి సిపాయి వంశమువారైనచో ఫ్రాన్సు దేశపు పౌరసత్వము వచ్చునని చెప్పి, వానియొద్ద 40,000 రూపాయలు పుచ్చుకొని, పిదప కనబడకుండ పోయెనట. పిల్లవాడు సాక్ష్యముగా చూపినది నా పుస్తకములోని 3వ పుటయే. "తాతా, నువ్వే రాసినవు గద?" అని వాడడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటలోనే నాకు సంవత్సరము గడచినది.

ఇంతకును ఆ మాట నాకెక్కడిది? మా నాయనమ్మ చెప్పినది. ఆమె చదువుకొన్నది కాదు. సాయంకాలము అరుగుమీద కూర్చుండి, అడిగినప్పుడు చెప్పెడిది, అడుగనప్పుడును చెప్పెడిది. ఆమె చెప్పినవి మూడు మాటలు. వానిని ఆమె నోటి తీరుననే చెప్పెదను: "మా మామకు తాత పరాసోళ్ల లష్కర్ల ఉన్నడంట బిడ్డా. అంగి గుండీల మీద టోపి బొమ్మ ఉండేదంట. జీతం ఇయ్యకపోతె అందరు గలిసి దొరనే కట్టేసిండ్రంట." ఇంతే.

పుస్తకము వ్రాయునప్పుడు నేను మొదటి మాటను దిద్దితిని. రెండవ దానిని ముసలమ్మ ముచ్చటయని విడిచితిని. మూడవది మన వంశమునకు గౌరవము గాదని దాచితిని. ఇప్పుడు చూడగా, నేను విడిచినవే నిజమునకు ఆధారములు. నేను దిద్ది నిలుపుకొన్నదే అబద్ధము. ఇది ఎట్లు తేలినదో చెప్పుటకు ముందు, ఆ మూసారాము ఎవరో చిన్నవారికొరకు చెప్పవలెను.

ఎల్.బి. నగరులో మెట్రో రైలు ఎక్కినవారు విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ దాటగానే ముసారాంబాగ్ అను నిలయమును చూతురు. ప్రతిదినము వేలమంది అక్కడ ఎక్కుచు దిగుచునున్నారు. ఎల్.బి. యనగా లాల్ బహదూరు శాస్త్రిగారని మన పిల్లలలో ఎందరికి తెలియునో నాకు సందేహమే. ఇంక మూసారాము నెవరు తలచెదరు? ఎవరో మూసా అను తురక, రాముడను హిందువు కలిసి వేసిన తోటయని ఒక పెద్దమనిషి నాతో గట్టిగా వాదించెను. మాట బాగుగనే యున్నది గాని నిజము వేరు. ఫ్రెంచివారు గౌరవముగా పిలుచు "ముస్యో" యన్న మాట మనవారి నోట "మూసా" యైనది. బొబ్బిలి యుద్ధమునకు వచ్చిన బుస్సీని గూడ మనవారు మూసా బుస్సీ యనియే యనిరి. "రేమోను" అను ఇంటిపేరు హిందువుల నోట రాము, ముసల్మానుల నోట రహీము అయ్యెను. అతని తోట మూసారాముబాగు. కావున ఏ వంశకథలోనైన "మూసా" అను పేరు వినబడినచో అది మతమును సూచించు పేరని తొందరపడరాదు. అది "అయ్యా" యన్నంత మాట.

మిషెల్ జోషే మరీ రేమోను 1755వ సంవత్సరము సెప్టెంబరులో ఫ్రాన్సు దేశపు నైరుతి భాగమున గాస్కనీ ప్రాంతములో పుట్టెను. 1775లో పుదుచ్చేరికి వచ్చెను. కొంతకాలము మైసూరు హైదరలీ కొలువున నున్న ఫ్రెంచి దళములో పనిచేసి, 1783లో ముసలి బుస్సీ మరల ఈ దేశమునకు వచ్చినప్పుడు అతనికి అంగరక్షకాధికారి యయ్యెను. 1785లో బుస్సీ పుదుచ్చేరిలో చనిపోయెను. ఆ తరువాత రేమోను హైదరాబాదు చేరి నిజాము అలీఖాను, అనగా రెండవ అసఫ్‌జా, కొలువున కుదిరెను. మొదట అతని పల్టనులో నుండినవారు 300 మంది మాత్రమే. వారికి తుపాకులు సైతము సొంతములు గావు. ఒక ఫ్రెంచి వర్తకునియొద్ద తుపాకి ఒక్కింటికి నెలకు ఎనిమిదణాలు బాడుగ యిచ్చి తెచ్చిరట. బాడుగ తుపాకులతో మొదలైన ఆ పల్టను పండ్రెండేండ్లలో 14,000 మందికి పెరిగెను. ఫిరంగులు పోతపోయుటకు కార్ఖానాలు పెట్టించెను. నగరములో తోప్‌ కా సాంచా యని నేటికి నిలిచియున్న గన్‌ఫౌండ్రీ అందులోనిదే.

1795వ సంవత్సరము మార్చిలో మహారాష్ట్రులతో ఖర్డా యుద్ధమున నిజాము ఓడెను. కాని ఆ దినమున నిలిచి పోరాడినది రేమోను పల్టనే యని ఆంగ్లేయులు సైతము ఒప్పుకొనిరి. అదే యేట నిజాము కుమారుడు ఆలీజా తిరుగబడగా అతనిని పట్టుకొనినది కూడ రేమోనే. దీనితో దర్బారులో అతని పరపతి మిక్కిలి పెరిగెను. పరాసు దేశములో రాజును దింపి ప్రజాప్రభుత్వము స్థాపించిన దినములవి. రేమోను పల్టను ఆ కొత్త ప్రభుత్వపు జెండానే ఎత్తెను. సిపాయీల అంగీ గుండీలమీద, అక్కడి విప్లవకారులు స్వాతంత్ర్యమునకు గురుతుగా పెట్టుకొను టోపీ బొమ్మను చెక్కించెను.

ఈ గుండీల సంగతి ఆనాటి ఆంగ్లేయుల వ్రాతలలో నున్నది. వారికి అది కంటిలో నలుసు. అందుచేత ప్రత్యేకముగా వ్రాసికొనిరి. నేను దీనిని చదివిననాడు పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిని. అక్షరము రాని మా నాయనమ్మకు గుండీమీద టోపీ బొమ్మ సంగతి ఎట్లు తెలిసినది? ఆమె ఏ గ్రంథమును చదువలేదు, ఎవరును ఆమెకు చదివి వినిపింపలేదు. ఆ గుండీ నెవరో చూచిరి, పిల్లలకు చెప్పిరి. ఆ మాట నాలుగు తరములు చేతులు మారి ఆమెను చేరినది. మా పూర్వికుడు ఆ పల్టనులో నుండెననుటకు ఇంతకంటె గట్టి సాక్ష్యమును నేనెరుగను. గుండీ మాత్రము మాయింట లేదు. కరవు కాలమున కంచు గిన్నెలతో పాటు అమ్మివేసిరని మా నాయన చెప్పెడివారు.

ఉండెను సరే, ఫ్రెంచివాడుగా ఉండెనా, సిపాయిగా ఉండెనా? ఇక్కడనే నాయనమ్మ మూడవ మాట పనికివచ్చినది.

రేమోను 1798 మార్చి 25న ఆకస్మికముగా చనిపోయెను. అప్పటికతనికి నలుబదిరెండేండ్లు. విషము పెట్టిరని కొందరు, వ్యాధియని కొందరు చెప్పుకొనిరి. అతని స్థానమున పిరోన్ అను ఫ్రెంచివాడు వచ్చెను. కలకత్తాలో గవర్నరు జనరల్ వెల్లస్లీకి ఈ ఫ్రెంచి పల్టను ఉండుట ఇష్టములేదు. నెపోలియను ఈజిప్టులో దిగిన యేడది. 1798 సెప్టెంబరు 1న నిజాముతో సంధి వ్రాయించుకొనిరి. ఫ్రెంచి అధికారులను అప్పగించుట, పల్టనును రద్దుచేయుట అందులోని షరతులు. అక్టోబరులో కుంపిణీ సేనలు నగరమునకు చేరెను. నిజాము మనసు ఇంకను ఊగులాడుచుండెను. రెసిడెంటు కిర్కుపాట్రిక్కు ఒత్తిడి చేయగా చివరకు ఉత్తరువు వెలువడెను.

అక్టోబరు 21న ఆ ఉత్తరువు పల్టను లైనులలో తెలిసినది. అప్పుడు సిపాయీలు ఏమి చేసిరో వినుడు. వారికి జీతములు బాకీ యుండెను. అధికారులు వెడలిపోయినచో ఆ బాకీ తీర్చువా రెవరు? వారు తిరుగబడి పిరోన్‌ను, తక్కిన ఫ్రెంచి అధికారులను బంధించిరి. నచ్చజెప్పుటకు వచ్చిన మాల్కము అను ఆంగ్లేయ అధికారిని గూడ చుట్టుముట్టిరి. అదృష్టవశమున ఆ గుంపులో, పూర్వము కుంపిణీ కొలువున మాల్కము పల్టనులోనే యుండి, అచ్చట విడిచి ఇచ్చట చేరిన సిపాయీలు కొందరుండిరి. వారు తమ పాత అధికారిని గుర్తించి, జనము తలలమీదుగా ఎత్తి దాటించి ప్రాణము కాపాడిరి. మరునాడు, అక్టోబరు 22న, కుంపిణీ సేనలు లైనులను చుట్టుముట్టి ఫిరంగులు నిలిపెను. జీతపు బాకీ ఇప్పింతుమని మాట యిచ్చినమీదట సిపాయీలు దొరలను విడిచిపెట్టి, తుపాకులు రాసులుగా పోసి వెడలిపోయిరి. ఒక్క ప్రాణము పోలేదు. చీకటి పడకముందే ఆ 14,000 మంది పల్టను లేకుండ పోయెను. ఫ్రెంచి అధికారులను కలకత్తాకు పంపివేసిరి.

"జీతం ఇయ్యకపోతె అందరు గలిసి దొరనే కట్టేసిండ్రంట." నాయనమ్మ చెప్పిన మాట ఇదే గదా. కట్టినవారు సిపాయీలు, కట్టబడినవారు ఫ్రెంచివారు. తనను కట్టివేసిరని ఎవడును పిల్లలకు గొప్పగా చెప్పుకొనడు. కట్టినవాడే ఆ ముచ్చటను దాచిపెట్టి చెప్పును. మా పూర్వికుడు కట్టినవారి పక్షమునవాడే. ఆ కథ మాయింట బ్రతికియుండుటయే అందుకు గురుతు. పైగా ఫ్రెంచి అధికారి యైనచో మిగిలినవారితో పాటు ఓడయెక్కి పోవలసినవాడే గాని, ఇక్కడ నిలిచి మడి దున్నుకొనడు.

నాయనమ్మ మొదటి మాటను మరల చూడుడు. "పరాసోళ్ల లష్కర్ల ఉన్నడు" అని ఆమె అన్నది. పరాసువాడని అనలేదు. పరాసువారి సేనలో నుండెననియే చెప్పినది. మా నాయన కాలమునకు అది "పరాసు సిపాయి" యైనది. నా కలమునకు వచ్చుసరికి "ఫ్రెంచి సైన్యాధికారి" యైనది. ఒక్కొక్క తరములో ఒక్కొక్క మెట్టు ఎక్కించితిమి. ఇందులో పెద్ద మెట్టు నాదే, చదువుకొన్నవాడను గనుక.

కాగితముల సంగతి చెప్పెదను. ఇటువంటి వెదకులాట చేయువారు మనలో మరికొందరు కలరు, వారికి పనికివచ్చును. మా పెద్దనాయన పెట్టెలో ఒక ఉర్దూ నకలు ఉండెను, పొలము పంపకమునకు సంబంధించినది. పుస్తకము వేసిననాడే దానిని ఒక మిత్రునిచేత చదివించితిని. అందులో ముందు తరముల పేర్లు చెప్పుచు ఒకరి పేరుప్రక్కన "తిలంగా" యని యున్నదని ఆయన చెప్పెను. తెలుగువాడని అర్థము గాబోలు, దానికేమున్నదని నేను ప్రక్కన పెట్టితిని. అది నా అజ్ఞానము. ఆ కాలపు హిందుస్థానీలోను పారసీలోను తిలంగా యనగా ఐరోపావారి పద్ధతిని కవాతు నేర్చిన కాలిబంటు. ఫ్రెంచివారును ఆంగ్లేయులును మొదట సిపాయీలను ఎక్కువగా మన తెలుగు సీమలోనే చేర్చుకొనిరి గనుక ఆ పేరు పడినది. తరువాత ఔధులో చేరినవానిని గూడ, తెలుగు ముక్క రాకపోయినను, తిలంగా యనియే పిలిచిరి. మన జాతి పేరు ఉత్తరదేశమున ఒక ఉద్యోగమునకు పేరైనది. నిజము పెట్టెలోనే యుండెను. చదివించియు నేను చదువలేదు.

పెద్దల పెట్టెలలో ఇట్టి కాగితములు మూడు తెగలవి దొరకును. ఇనాము భూములున్నవారికి ముంతఖాబులు. పట్టా భూములున్నవారికి సర్వేనాటి సేత్వారు నకళ్లు. ఇక 1954-55 నాటి ఖాస్రా పహాణీ మీ అందరికి తెలిసినదే, భూమి తగాదా వచ్చిన ప్రతి యింటివారును దానికొరకు తిరిగినవారే. వానిలో ఫసలీ సంవత్సరములుండును. ఫసలీకి 590 కలిపినచో మనకు తెలిసిన సంవత్సరము వచ్చును. 1345 ఫసలీ యనగా 1935-36. ఇవన్నియు మనలను తాత ముత్తాతల వరకు తీసికొనిపోవును. అంతకు పైకి పోవలెనన్నచో తార్నాకలోని రాష్ట్ర పత్రభాండాగారమే (స్టేట్ ఆర్కైవ్స్) గతి. నిజాము సర్కారు పారసీ దఫ్తరములు అక్కడ భద్రముగా నున్నవి. గొలుసుకట్టు షికస్తా వ్రాత చదువగలవారు నేడు బహు కొద్దిమంది. నేను ఒక పండితుని బతిమాలి తీసికొనిపోయితిని. సిపాయీల లెక్కలు, జీతపు పద్దులు, గుఱ్ఱముల దాగులు, ఎన్నియో చూచితిమి. మా పూర్వికుని పేరు నాకు దొరకలేదు. ఆ సంగతిని దాచను.

ఫ్రాన్సులో వెదకవలెనా యని మా తమ్ముని మనుమడు అడిగెను. ఫ్రెంచివారు కాగితము దాచుటలో ఘనులు. వారి వలస దేశముల రికార్డులు ఎయిక్స్ అను పట్టణములో నున్నవి. పుదుచ్చేరి, కారైకాలు, మాహే, యానాము, చందరునగరముల జనన వివాహ మరణ రిజిష్టర్లను కంప్యూటరులో ఎవరైన చూడవచ్చునట్లు పెట్టిరి. పిల్లవాడు నా యెదుటనే తెరచి యానాము రిజిష్టరు చూపెను. నూరేండ్లకు పైబడిన తెలుగు పేర్లు ఫ్రెంచి లిపిలో వరుసగా కనబడుచుండగా నాకు ఆశ్చర్యమైనది. యానాము వారికిని పుదుచ్చేరి వారికిని ఫ్రెంచి సిపాయి తాతను వెదకుట సులభము. వారి తాతలు ఫ్రెంచి ప్రభుత్వపు సొంత సైన్యమున చేరి ఇండోచైనా వరకు పోయి పోరాడిరి. వారికి పెన్షనులు వచ్చినవి. ఆ ఊళ్ల పాలన 1954 నవంబరు 1న భారతదేశము చేతికి వచ్చినది. 1962 ఆగస్టు 16న సంధి పూర్తిగా అమలులోనికి వచ్చినప్పుడు, ఫ్రెంచి పౌరులుగా నుండగోరువారు ఆరు నెలలలో తెలుపుకొనవలెనని గడువిచ్చిరి. అట్లు తెలుపుకొన్న కుటుంబములు నేటికిని ఫ్రెంచి పౌరులే.

మధ్యవర్తి ఈ నిజమును తీసికొనివచ్చి మన ఊరికి అతికించినాడు. అతుకు ఎక్కడ విడునో చూడుడు. హైదరాబాదు ఏనాడును ఫ్రెంచి సీమ గాదు. రేమోను ఇక్కడ పరాసు ప్రభుత్వపు ఉద్యోగి గాడు. నిజాము ఉప్పు తిన్న కొలువుకాడు. అతని సిపాయీలు నిజాము సిపాయీలు. జీతము నిజాము ఖజానానుండి రావలసినది, రాలేదు గనుకనే గదా దొరలను కట్టిరి! కాబట్టి మూసారాము పల్టను సిపాయి సంతతికి, ఆ మాటకు వచ్చిన మూసారాము సంతతికే యైనను, ఆ కొలువును పట్టి ఫ్రెంచి పౌరసత్వము రాదు. ఈ ప్రాంతమున మరికొందరు పిల్లలను గూడ ఇట్లే ఆశపెట్టిరని విన్నాను. సొమ్ము కట్టకముందు ఇంటి పెద్దలతో ఒక్క మాట చెప్పుడు. పెద్దలు నావంటి వారైనచో పొరుగింటి పెద్దలతో చెప్పుడు.

నేడు రక్తపరీక్షలవలె ఉమ్మి పరీక్షలు వచ్చినవి. పూర్వికు లెవరో చెప్పుదురట. మా పిల్లవాడు అది చేయించెదననెను. నేను తెలిసికొన్నంతలో చెప్పెదను. ప్రతి తరమున తండ్రినుండి సగము, తల్లినుండి సగము వచ్చును. మా సిపాయినుండి ఆ పిల్లవానికి ఏడు తరములు. అనగా ఆయన అంశ వానిలో సగటున నూట యిరువదియెనిమిదింట ఒక వంతు. అంత స్వల్పమైనది పరీక్షలో కనబడవచ్చును, కనబడకపోవచ్చును. కాని తండ్రినుండి కొడుకునకు మాత్రమే దిగివచ్చు వై క్రోమోజోము అను భాగమొకటి కలదు. అది తరములు గడచినను పెద్దగా మారదు. ఎడతెగని కొడుకుల వరుస నున్న వంశములవారికి ఆ పరీక్ష కొంత జవాబు చెప్పగలదు. కూతుళ్లద్వారా వచ్చిన వరుసకు అది పనికిరాదు. మాది కొడుకుల వరుసయే. అయినను నేను వద్దంటిని. నాయనమ్మ మూడు మాటలు విన్న తరువాత నాకు అడుగవలసిన ప్రశ్న మిగులలేదు. వాడు పెద్దవాడు, వాని సొమ్ము వానిది, చేయించినచో కాదనను.

మా తమ్మునికి నామీద కోపము వచ్చినది. "అన్నా, ఇన్నేండ్లు దొర అని చెప్పుకొని ఇప్పుడు లష్కరోడు అంటె నలుగురిల ఏం ముఖం బెట్టుకోవాలె?" అనెను. నేనేమి చెప్పుదును? వానిని వెంటబెట్టుకొని ఒక ఆదివారము మూసారాము గోరీకి పోయితిని. దిల్‌సుఖ్‌నగర్ దాటి మలకుపేట వైపు పోవునప్పుడు, అస్మాన్‌గఢ్ గుట్టమీద నున్నది. చుట్టును ఇండ్లు మూసివేసినవి, తెలిసినవారు చూపవలసినదే. విశాలమైన అరుగుమీద ఇరువదిమూడడుగుల ఎత్తున నల్లరాతి స్తంభము, పైకి పోనుపోను సన్నమై నిలిచియున్నది. దానిమీద అతని పేరును తెలుపు రెండక్షరములు తప్ప మరేమియు లేదు. ప్రక్కనే స్తంభముల మంటపము. అది ఒకప్పుడు వానలకు కూలగా, పిమ్మట మరల నిలబెట్టిరి. పూర్వము అతని వర్ధంతినాడు జనము పోయి ఊదు వేసి దీపములు పెట్టెడివారట. సిపాయీలకు అతడన్న ప్రీతి యుండెననుటకు అదియొక గురుతు. ఆ బంధించుట జరిగినది అతడు పోయిన ఏడు నెలలకు, వేరొకని కాలమున.

ఆ అరుగుమీద నిలిచి చూచినచో నగరమంతయు కనబడును. మన వైపు ఒకప్పుడు సరూరునగరు చెరువు, దాని క్రింద పొలములు, నేడు మేడలు. 1798 అక్టోబరు 22వ తేదీ సాయంకాలము ఆ 14,000 మంది ఏ త్రోవ పట్టి పోయిరి? కొందరిని మరుసటి సంవత్సరమే ఆంగ్లేయ అధికారుల క్రింద మరల కూర్చి టిప్పూ సుల్తానుమీదికి శ్రీరంగపట్టణమునకు నడిపించిరి. నిన్నటివరకు పరాసు జెండా మోసినవారు, పరాసువారి మిత్రునిమీద యుద్ధమునకు పోయిరి! తక్కినవారు ఊళ్లలో కలిసిపోయిరి. అట్లు కలిసిపోయినవారిలో ఒకడు మన ఊరికి వచ్చి మడి కౌలుకు పట్టియుండును. ఒంటిమీది అంగీ చినుగువరకు తొడిగియుండును. గుండీలు కోసి దాచియుండును. ఇది నా ఊహ. గుండీ ఊహ గాదు.

తమ్ముడు చాలసేపు మాటలాడలేదు. దిగివచ్చునప్పుడు మాత్రము, "జీతం బాకీ ఇచ్చిండ్రా మరి?" అని అడిగెను. ఇప్పింతుమని మాట యిచ్చిరని చెప్పితిని. "మాట ఇచ్చిండ్రు, ఇచ్చిండ్రా?" అని మరల అడిగెను. మా పూర్వికునికి ముట్టినదో లేదో చెప్పు కాగితము నాకు దొరకలేదు.

పిల్లవాని 40,000 రూపాయలు నేనే యిచ్చితిని. నా పుట చూచి యిచ్చిన సొమ్ము గనుక అది నా అప్పు. పుస్తకము ప్రతులు బంధువుల యిండ్లలో నుండి తెప్పించుట నావలన గాదు. ఉత్తరములు మాత్రము వ్రాసితిని. ఈ గ్రంథాలయములోని ప్రతిలో, కార్యదర్శిగారి అనుమతితో, 3వ పుటలో "ఫ్రెంచి సైన్యాధికారి" అను మాటను కొట్టివేసి, "మూసారాము పల్టనులో తిలంగా సిపాయి, 1798 అక్టోబరులో జీతపు బాకీకై అధికారులను బంధించినవారిలో నొకడు" అని వ్రాసి చీటి అంటించితిని. నాయనమ్మ మూడు మాటలను గూడ ఆమె నోటి తీరుననే వెనుకప్రక్కన వ్రాసితిని. ఆ చీటిని ఎవరును ఊడబెరుకవలదని మనవి. మా తమ్ముడు అడిగినను ఇయ్యవలదు.